సగం గుడ్డు

కార్వాన్ తాలీంల
పొద్దుగాలనే పన్నెండు గుడ్లు మింగి
మట్టిల దిగిన మనిషి
మా తాత, జంగయ్య పహిల్వాన్.
బాదం పాలకు లెక్క లేదు,
పాయాకు పొద్దు లేదు.

ఇప్పుడు ఉస్మానియా చీటీ మీద
దినానికి నలభై గ్రాములే అని రాసింది డాక్టరమ్మ.
కిడ్నీలు మొయ్యలేవట.

చార్‌కమాన్‌ల వెండి దుకాణం పని నాది.
పాత కాటా తెచ్చి కందిపప్పు తూస్తుంటే
"ఏందిరా, నన్ను తాకట్టు పెడుతున్నవా?"
అని నవ్విండు.

ఇయ్యాల ఉడికిన గుడ్డును
దారంతోని కోసిండు.
ఒక ముక్క తన పళ్లెంల,
ఒకటి నా ఆరేండ్ల బిడ్డ చేతిల.
అది పచ్చసొన నాకి
జబ్బ మడిచి చూపించింది.

రెండు వేళ్లతోని ఒత్తి చూసిండు తాత.
"దీనికి సగం చాలదు.
ఇంకోటి పెట్టు పొయ్యి మీద."