నలభై ఒకటో పేజీ, నలభై రెండో పేజీ

అరిచాను. కాదనను.
గ్రిమ్స్‌బీ రేవు గాలి తలుపు సందుల్లో ఈలేస్తుంటే
క్లినిక్కు కౌంటరు అద్దం మీద
అరచెయ్యి అచ్చు పడేలా కొట్టి మరీ అరిచాను.
అప్పటికి గంటన్నర కూర్చున్నాను.
మూడుసార్లు పిలిచాం, మీరు పలకలేదు,
రాలేదని రాసేశాం, అంది హేలీ.

నాంచారమ్మ అన్న పేరును
ఎన్ని ముక్కలు చేసి పిలిచారో నాకు తెలీదు.
పన్నెండేళ్ళు చేపల ఫ్యాక్టరీలో
తలలు కోసే మిషను పక్కన నిలబడ్డ ఎడమ చెవికి
ఏ ముక్కా చేరలేదు.

వారానికి ఉత్తరం వచ్చింది.
సిబ్బందితో దురుసు ప్రవర్తన. మళ్ళీ జరిగితే
జాబితాలోంచి మీ పేరు కొట్టేస్తాం.
కింద మేనేజరు సంతకం, ఎంతో మర్యాదగా.

నోరు మంచిదైతే ఊరు మంచిదని
మా పెద్దత్త అనేది.
ఊరికే చెవుడైతే నోరేం చెయ్యాలో
ఆవిడ చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఫోను ముట్టలేదు.
చీము కారి దిండుకు చెవి అంటుకుపోయినా
ముట్టలేదు.
బాత్రూం అద్దం ముందు నిలబడి
ప్లీజు ముందు పెట్టి, సారీ వెనక పెట్టి
మధ్యలో జబ్బును ఇరికించే వాక్యాలు వల్లించాను,
నాకే వినపడనంత మెల్లగా.
నాకు వినపడకపోవడం వింతేం కాదనుకోండి.

పక్క వాటా మోరీన్, ఒకప్పటి నర్సు,
దిండు గలీబు మీద మరక చూసి అడిగింది.
ఉత్తరం చదివింది.
నీ ఫైలు నీది, అడుగు, ఇచ్చి తీరాలి.
కోపమొచ్చిందని వైద్యం హక్కు పోదు.
అద్దం కొట్టినందుకు మాత్రం సారీ చెప్పు, అంది.

ఎనభై నాలుగు పేజీలు వచ్చాయి.
నలభై ఒకటిలో డాక్టరు రాత:
ఎడమ చెవి వినికిడి బాగా తగ్గింది, పరీక్షకు పంపాలి.
నలభై రెండులో కౌంటరు రాత:
ఈ పేషెంటుది పెద్ద గొంతు, జాగ్రత్త.
ఒకే కాగితానికి అటూ ఇటూ.
ఏడాదిగా వీపులానించుకుని పడుకున్నాయి,
ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు.

ఇవాళ ఆ కాగితం పట్టుకెళ్ళాను.
అరిచినందుకు క్షమించు, అన్నాను హేలీతో.
అడిగినందుకు కాదు.
కాగితం ఇటు చూపించాను. తిప్పి అటు చూపించాను.
చదివింది. మెడ ఎర్రబడింది.
వెనక గోడ మీద సిబ్బందిని గౌరవించండి అన్న పోస్టరు
ఒక మూల ఊడి కొట్టుకుంటోంది.
పొద్దున్నే ఆమెనూ ఎవరో తిట్టి ఉంటారు,
కళ్ళ కింద తెలుస్తోంది.

ఉత్తరం వెనక్కి తీసుకోలేదు.
మేనేజరు సెలవులో ఉన్నాడట.
కూర్చున్నాను.

ఈసారి హేలీ కౌంటరు దాటి వచ్చి
నా కుడి పక్కన వంగి
పేరు పిలిచింది.
తప్పుగానే పిలిచింది.
వినపడింది.