కొటారులో పొద్దు

పొద్దున మడిలో నీళ్ళు నాలిక మీదేసుకుని
పుల్లమ్మత్త అంది:
"ఇయాళ గీకెయ్యాలమ్మే. రేపటికుంచితే చేదెక్కుద్ది."
నీ పేరు ఎత్తలేదు ఆమె.

యాక్సిల్ విరిగి నీ లారీ ఇసకపల్లి కట్ట మీద ఆగిపోయిన ఎండాకాలం
మూడు పూటలు మంచినీళ్ళడిగావు,
నాలుగో పూట నన్నడిగావు.
తిరపతిలో లోడు దించి శుక్రవారానికల్లా వస్తానన్నావు.
ఏ శుక్రవారమో చెప్పలేదు మస్తానయ్యా,
అడగడం నాకూ తోచలేదు.

అప్పట్నుంచీ హారన్లన్నీ నాకు కంఠతా.
అల్లూరు బస్సుది గొంతు పోయిన హారను,
రొయ్యల మేత వ్యానుది చంటిపిల్ల ఏడుపు,
నీది రెండు పొట్టి, ఒకటి పొడుగు.
రెండు పొట్టి వినిపించి మూడోది రాని రాత్రి ఒకటుంది.
అది చెప్పను.

రెండు తుఫాన్లు వచ్చి మడుల్ని సముద్రంలో కలిపాయి.
మళ్ళీ కట్టాం.
ఎదురుచూడ్డం నాకు పుట్టుకతో వచ్చిన పనే:
నీళ్ళు పెట్టాలి, ఎండకి వదలాలి, కదపకూడదు.
అయితే దానికీ ఒక రోజుంటుంది.
తెల్లగా పూసినాక కూడా చూస్తూ కూర్చుంటే
మిగిలిన నీళ్ళే ఉప్పుని చెడగొడతాయి.

పలక పట్టి గీకాను.
గుట్ట మోకాలెత్తు లేచింది. మంచి ఉప్పే.
అడుగున నిలిచిన చేదు నీళ్ళకి తూము తీశాను.
అవి కాలవలోకి పోతుంటే
కాసేపు నిలబడ్డాను, నిజమే.

సాయంత్రం కట్ట మీద ఏదో హారను మోగింది.
ఎన్ని పొట్టివో, ఎన్ని పొడుగువో
లెక్కపెట్టలేదని గుర్తొచ్చింది,
అదీ, అన్నం తిని చెయ్యి కడుక్కునేటప్పుడు.