నూరు లింకులు

మందసలో కరెంటు పోయిన రాత్రి
చిమ్నీ దీపం ముందు అమెరికా చరిత్ర, మూడో పేపరు.
పడమటికి పోయిన బళ్ళు, గుడ్డ గూడు కట్టిన బళ్ళు,
వెనక తాడుకి ఓ ఆవు,
లోపల ఇనప పొయ్యి, విత్తనాల మూట, నెలలు నిండిన మనిషి.
ఐదేళ్ళు దున్ని, గుడిసె వేసుకుని, కదలకుండా ఉంటే
నూట అరవై ఎకరాలు నీవే అన్నదట సర్కారు.

"ఎకరమంటే, అక్కడా మన ఎకరమేనేటి?"
గుమ్మంలోంచి నాన్న.
అదే నాన్నా.
"మరి దేంతోటి కొలిసీవోరు?"
పేజీ కింద చిన్నక్షరాల్లో దొరికింది:
గొలుసుతో. అరవై ఆరడుగులు. నూరు లింకులు.

చుట్ట గడపకి రుద్ది ఆర్పేశాడు.
నిచ్చెన లేకుండానే అటకెక్కాడు.
ముప్పయ్యేళ్ళు భుజాన మోసిన గొలుసు
నా పుస్తకం మీద గలగలా దింపాడు.
పది లింకులకో ఇత్తడి బిళ్ళ. రెండు కొసలా పిడి.
అరచేతి గీతలన్నీ ఆ పిడికే ఇచ్చేసి వచ్చిన మనిషి,
బమ్మిడి తవిటయ్య, చైన్‌మేన్, సర్వే శాఖ.
"ఇదేనేటి?"
ఇదే.
"ఓలమ్మ! అంత సముద్రం ఆవల కూడానా!"

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
మాట్లాడితే రాయిసింగి కొండ గురించి.

మాఘమాసం. కంది కోసేసిన పోడు.
ఎదరి కొస ఆయనది.
మోళ్ళ మధ్య ఒక్క ఆనపపాదు పచ్చగా ఉంటే
దాని మీంచే లాగాడు గొలుసు, వంపు పోతే కొలత పోతుంది మరి.
సవర సోమారి అనే ముసలాయన పక్కనే నడుస్తూ వచ్చాడు
గొట్టం నుంచి గొట్టం దాకా, పొద్దున్నించి పొద్దుగూకే దాకా.
చివరికి అడిగాడట:
"బాబూ, ఇది ఏటి తింతాది?"

"నవ్వీసాను" అన్నాడు నాన్న.
"అమీను కూడా నవ్వీసి, బంజరు అని రాసీసినాడు."

పుస్తకంలో ఉన్న మాట చదివి వినిపించాను: ఖాళీ నేల.
"మావోళ్ళది బంజరు, ఆలది ఖాళీ" అన్నాడు,
ఇద్దరు వియ్యంకుల పేర్లు చెప్పినట్టు.

మూడేళ్ళకి కొండంతా జీడితోట.
పలాస లారీలు. ముళ్ళకంచె.
సోమారి కోడలు అక్కడే పిక్కలేరే కూలికి వచ్చింది.
"నన్ను పోల్చుకుంది.
బాగున్నావా బాబూ అంది.
తిట్టినా బాగున్ను."

"ఆ బుక్కులో
గొలుసు పట్టినోడి పేరుందేటమ్మా?"
వెతికాను.
అధ్యక్షులున్నారు, దండనాయకులున్నారు,
చంపిన అడవి దున్నల లెక్కుంది,
రైలు పట్టాలు కలిసిన రోజుంది,
చెరిపేసిన ఒప్పందాల తేదీలున్నాయి.
లేదు నాన్నా.
"ఉండదులే."
అది ఊరటో బాధో గొంతులో తెలీలేదు.

లాంతరు పట్టుకుని వీధిలో పరిచాం.
అమ్మ కుట్టు టేపుతో నేను కొలిచాను
పదమూడు టేపులు, ఆపైన అడుగు,
ఆ పైన ఇంకో బెత్తెడు.
మళ్ళీ కొలిచాను. బెత్తెడే.

"లింకు లింకుతో రాసుకుని అరుగుతాది కదా" అన్నాడు
"అరిగితే ఏదైనా తరుగుతాది, గొలుసొక్కటే పెరుగుతాది."

అంటే గొలుసు పడ్డ ప్రతిచోటా
అడంగల్లోకి ఎక్కని నేల బెత్తెడు ఉండిపోయింది.
అక్కడా ఉండి ఉంటుంది, ఆ గడ్డి మైదానాల్లో,
ఏ పట్టాలోనూ లేని బెత్తెళ్ళు, ఎవరివో.
ఆనపపాదు పాకడానికి చాలునా?
అడగలేదు.

విస్తరణకు ఐదు కారణాలు రాయమంటారు.
నాలుగు కంఠతా పట్టి
ఐదో అంకె ఎదట ఖాళీ ఉంచి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి గొలుసు అటకెక్కిపోయింది.
ఆ ఖాళీలో చిటికెడు బూడిద.
చుట్టదై ఉంటుంది.