నాలుగు వేళ్ల సందు

మార్చి ఇరవై ఆరు. ఇంకా ఎనిమిది గాలే.
కొత్తవాడ గల్లీల బల్దియా ట్రాలీ ఆగింది.
ముంగట డప్పు కొట్టేటాయన,
ఎనక బిల్ కలెక్టర్ యాకస్వామి,
ఆయన ఎనక పానా, సుత్తె పట్టుకున్న ఇద్దరు పోరగాండ్లు.

"కూచన ఓదెలు ఉన్నడా?"
ఉన్నడు, పటంల.
మామ పోయి పదకొండేండ్లు.
ఇంటి నంబరు రెండుసార్లు మారింది,
ఎర్ర కాయిదం మీద పేరు మాత్రం మారలే.
ఆయనకు ఉత్తరాలు రాసేది ఇప్పుడు బల్దియా ఒక్కటే.

అసలు తొమ్మిది వేల చిల్లర.
మిత్తి అసలును మింగి ఇంకా ఆకలంటున్నది.
"మిత్తి మాఫీ అన్నరు గదా సారూ?"
"అది పోయినేడమ్మా."

ఏం గుంజుకపోవాల్నో ఇల్లంత చూసిండు.
మగ్గం ముట్టొద్దట, పనిముట్టు.
టీవీ మోగుతది గని కనవడది.
సిలిండరు ఎత్తి, ఊపి, దించిండు.
మర్లిపోవుకుంట తలుపు దిక్కు చూసిండు.

మామ చేయించిన టేకు తలుపు.
మిల్లు బందైనప్పుడు వచ్చిన పైసలల్ల
తినంగ, తాగంగ, ఆస్పత్రికి పోంగ
నిలవడ్డది అదొక్కటే.

బందులు తుప్పువట్టి పానాకు లొంగలే.
కొబ్బరినూనె నేనే తెచ్చిచ్చిన.
ఎందుకిచ్చిన్నో ఇప్పటికీ సమజ్ కాదు.
దర్వాజ పలుగుతదని కావచ్చు.
"మూడు నెల్ల జీతం రాలే పెద్దమ్మా మాకు"
అన్నడు ఒక పోరడు, తలుపు నెత్తిన వెట్టుకొని.
యాకస్వామి రశీదు రాసిండు:
చెక్క తలుపు, ఒకటి.

ఆ రాత్రి
అమ్ముడువోని జంపఖానా ఒకటి దర్వాజకు కట్టిన.
గాలికి అది బాలింత కడుపు లెక్క
లేచుకుంట, పడుకుంట.
ఒక కుక్క లోపలికొచ్చి, నన్ను చూసి,
తనే సిగ్గువడి ఎల్లిపోయింది.
తెల్లారి పాలాయన
కొట్టెతందుకు తలుపు లేక గోడను కొట్టిండు.

చిట్టీ ఎత్తిన. పాటల ఐదు వేలు పోయినై.
ముప్పై ఒకటి నాడు ఆఫీసుల లైను,
నా వంతు వచ్చేసరికి పొద్దువోయింది.
ఎనక పెరట్ల కరెంటు లేదు.
నలభై దాకా తలుపులు, ఇండ్లు లేని తలుపులు,
కల్లు కాంపౌండు ముంగటి మనుషుల లెక్క
ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నయి.
నాది యాడ లేదు.
"ఏదో ఒకటి తీస్కపో అమ్మా,
అన్నీ తలుపులే గదా" అన్నడు వాచ్‌మెను.

ఇంటికి తెచ్చి నిలవెడితే
పచ్చ రంగుది. పొడుగు సాలలే.
కింద నాలుగు వేళ్ల సందు.
ఎనకదిక్కు సుద్దతోని ఎవరో రాసుకున్న లెక్కలు:
వాటర్ క్యాన్లు పదహారు,
ఒక ఫోను నంబరు,
దాంట్ల తొమ్మిదో అంకె చెరిగిపోయింది.

సున్నా నుంచి మొదలువెట్టిన.
సున్నాకు ఎవరూ ఎత్తలే.
రెండుకు ఖమ్మంల మిర్చి యాపారి.
నాలుగుకు నిద్రల ఉన్న మొగాయన,
వాడన్న మాట రాయ.
ఏడుకు కరీమాబాదు అనసూర్య ఎత్తింది.

"ఏందీ, టేకుదా? మీదేనా అది?
మా దర్వాజల పడ్తలేదు,
బాయిగడ్డ మీద వేసి
దాని మీద పాపడాలు ఎండవోస్తున్న."
"మంచిగ ఎండుతున్నయా?" అని అడిగిన.
చానాసేపు నవ్వింది.
నేను కూడ నవ్విన, పైసలు అయిపోయేదాక.

రెండు తలుపులు అటు ఇటు మార్చెతందుకు
ఆటోకు ఆరు వందలు అన్నరు.
ఈ నెల కాదు, వచ్చే నెల అనుకున్నం.
వచ్చే నెల కూడ అట్లనే అనుకున్నం.

ఆ సందులకెల్లి పొద్దుగాల ఎండ
మగ్గం గుంత దాకా వస్తది.
చీమలు వస్తయి. పక్కింటోళ్ల పోపు వాసన వస్తది.
నిన్న పగటీలి ఒక కాయిదం వచ్చింది,
ఎవరూ కొట్టకుంటనే, సప్పుడు కాకుంట:
కూచన ఓదెలు గారికి, కొత్త ఏడాది పన్ను.

తీసి పటం ముంగట వెట్టిన.
ఆయన ఉత్తరం
ఆయన్నే సదువుకోనీ.