ఆకుపచ్చ మంట

బిడ్గోష్చ్ ఊరి చివర, రైలు పట్టాల పక్క యార్డులో
కూల్చిన అపార్ట్‌మెంట్ల కిటికీలన్నీ
ఒకదాని మీద ఒకటి.
అద్దాల్లేవు. చట్రాలే.

బొగుమీవా రాగితీగ కాలుస్తుంది.
ఎర్రబడ్డాక
ఏదో తెలియని ముక్కకి ఆనించి, మళ్ళీ మంటలో పెడుతుంది.
మంట ఆకుపచ్చగా లేస్తే
"పీవీసీ, మనదే" అంటుంది,
తప్పిపోయిన పిల్లాడు సంతలో దొరికినట్టు.

నీళ్ళ సీసాల గుట్టలోకి
ఈ జాతి ముక్క ఒక్కటి జారినా
కుండెడు పాలలో ఉప్పుకల్లే.

మరలు, రబ్బరు, సిలికాన్ జిగురు,
వాన నీరు పోయే కన్నంలో ఎండిన కందిరీగ గూడు
గోరుతో గీకి తీస్తుంది.
ఇది పెంకి సరుకు.
వేడి కాస్త ఎక్కువైతే చాలు,
ఆమ్లం కక్కి ఇనుముని కొరుకుతుంది.

పాతవాటి ఒంట్లో సీసం ఉంది.
"విడదీయలేం" అంటాడు మాస్టరు లుబోమీర్,
"ఎండ తగలని చోట దాస్తాం."
పాతది నడుమ, చుట్టూ కొత్త తెల్లతోలు,
మళ్ళీ కిటికీ.

ఇంకో నలభై ఏళ్ళు గోడలో.
అప్పు తీర్చామా, తిరగరాశామా?
ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

నిన్న ఆమె ఇంటికే బిగించారు అలాంటిదొకటి.
పొద్దున్నే తెరిచింది.
గాలి వచ్చింది, మామూలుగానే, కాలువ వాసనతో.
రేపెప్పుడో దీన్ని విప్పే చేతుల కోసం
లోపలి అంచున, ఎవరూ తుడవని చోట,
పెన్సిలుతో
సీసం అని రాసి
పనికెళ్ళింది.