పలాస కెర్నెల్

జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులోంచి
పాత ఇనుముకు పోబోతున్న పీసీని
మూడొందలిచ్చి తెచ్చుకున్నాను.
పక్క రేకు విప్పితే ఫ్యాను రెక్కల నిండా
ఎర్రటి పప్పు పొట్టు.

రెండు జీబీల ర్యామ్.
ఉబుంటు ఎక్కిస్తే ఆయాసపడింది,
బస్తాలతో మిట్టెక్కే ఆటోలాగ.
మింట్ అందంగానే ఉంది, ఎవరు చూడొచ్చారు?
దీనికి మానిటరుండదు, అటక మీద బతుకు.
ఆర్చ్ పెట్టమన్నాడు కూర్మారావు.
వాడికి రాత్రులున్నాయి,
నాకు ఆరింటికి షిఫ్టుంది.

టీ గ్లాసుతో వచ్చి నిలబడింది తవిటమ్మ వదిన.
"ఇన్ని పేర్లేటి బాబూ?"
లోపలి కెర్నెల్ ఒకటే వదినా,
పైన షెల్లూ డబ్బాలే వేరు.
"మన అట్టపెట్టెల మీద రాసుంటాది, అదేనా?
ఇన్నాళ్లూ సేటు ఇంటిపేరనుకున్నాను!"

నవ్వడం అయ్యాక అడిగింది:
"ఎగుమతికా, ఇంట్లోకా?"
ఇంట్లోకే.
"అయితే గుండెందుకు, బద్దెందుకు?
ముక్క సాలు. రుసి ఒకటే."

డెబియన్ పెట్టాను, డెస్క్‌టాప్ లేకుండా.
జీడిపాకంలా సాగి సాగి
రెండుంబావుకి
నల్ల తెర మీద ఒక్క గీత మిణుకుమంది.

మొదటి ఫోల్డరు వదినదే.
కటింగులో ఉన్నప్పటి తూకం చీటీలు,
ఏడేళ్లవి, ఫోను ఫొటోలు.
ప్రతి చీటీ మూలా
జీడి నూనె కాల్చిన బొటనవేలి నలుపు.

ఈ తూకాలే
ఒకప్పుడు ఈ పెట్టె
ఇంకోలా రాసుకుంది.

అటక కేసి చూస్తూ అడిగింది:
"కరెంటు పోతే
మర్సిపోద్దేటి?"