గేటు ఆరింటికి తీస్తారు

కోఠీలో మా షాపు మెట్ల కింద చెరకు మిషను,
దాని పక్కన తోపుడుబండి మీద మైకు,
"యాభైకి మూడు, యాభైకి మూడు."
ఆ రెంటికీ పైన కూచుని
నేను చెవుల మిషన్లు బాగుచేస్తాను.
పదకొండేళ్లు.

మన్ననూరులో క్యాంపుంది, పొమ్మన్నాడు సేటు.
ఇమ్లీబన్‌లో ఐదింటి బస్సు.
ఒళ్లో అట్టపెట్టె, అందులో ఇరవై రెండు చెవులు.
తుక్కుగూడ దాటినా నగరం వదల్లేదు,
ప్లాట్ల రాళ్లు తెల్లగా పళ్లు బయటపెట్టి
కడ్తాల్ దాకా వెంటపడ్డాయి.
డిండి దగ్గర సీతాఫలాల గంపతో ఒకామె ఎక్కింది.
ఆమెకూ నాకూ సున్నా టికెట్టు,
గంపకు మాత్రం ముప్పై.
కండక్టరుతో ఆమె కొట్లాట తెగకముందే
చెట్లు మొదలయ్యాయి.

నాలుగు టీ కొట్లు, ఒక గేటు,
గేటు పక్కన రంగు పెచ్చులూడిన పులి బొమ్మ.
మీసాలు మాత్రం ఎవరో కొత్తగా దిద్దారు.
"ఊరంటే ఇంతేనా?"
"ఊరు ఇంతే. మిగిలిందంతా అడివి,"
అన్నాడు టీ కొట్టు జిలానీ,
చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నంత మామూలుగా.

బడి వరండాలో పందొమ్మిది మంది వచ్చారు.
చిగుర్ల ఈదమ్మ చెవిలో మిషను పెట్టి తిప్పాను.
"ఏందిది, గరగర?"
ఫ్యానమ్మా.
"గిది?"
గేటు కాడ లారీ.
"మరి గిది?"
నీ గాజులే.
చెయ్యి ఆపింది. మళ్లీ ఆడించింది.
ఇన్నేండ్లూ ఇంత లొల్లి చేసినవా అని
గాజుల్ని తిట్టింది.

పెనిమిటి తేనెకు గుట్ట దిగేటప్పుడు
పైన తాడు పట్టేది ఈమేనట.
వినపడకుండా ఎట్లా అంటే
అరచేయి చూపించింది, కాయలు కాసింది.
"ఒకసారి గుంజితే ఆగమని.
రెండుసార్లు గుంజితే పైకి లాగమని.
చెవులతోని ఏం పని?"

రాత్రి తొమ్మిదికి గేటు పడింది.
లారీలు ఒక్కొక్కటే చల్లబడ్డాయి.
జిలానీ షట్టరు దించాడు.
అప్పుడు విన్నాను,
సన్నగా, తెగకుండా, ఒక ఈల.
కీచురాయి అనుకున్నాను.
కిటికీ మూసినా ఉంది.
దుప్పటి కప్పుకున్నా ఉంది.
వేళ్లతో చెవులు మూసుకుంటే
ఇంకా దగ్గరికొచ్చింది.

ఎప్పటి నుంచి ఉందో.
కోఠీ ఒక్కనాడూ నాతో చెప్పలేదు.

ఆరింటికి గేటు తీశారు.
ఈదమ్మ జలపాతం చూపిస్తానంది.
వందల మెట్లు కిందికి, ఆకుల తడి, కోతుల కాపలా.
నీళ్లు కనబడకముందే
మిషను తీసి కొంగున ముడేసుకుంది.
నేనేదో గొప్ప మాట కోసం చూశాను.
"తడిస్తే ఖరాబైతది గదా," అంది.

ఆ హోరులో నా ఈల మునిగిపోయింది.
ఈదమ్మ నా చెయ్యి పట్టి
నాచు లేని చోట రాయికి ఆనించింది.
రాయి వణుకుతోంది,
ఘాటు ఎక్కే బస్సులో కిటికీ చువ్వలా.
"ఎండలకు ఇది సన్నగైతది.
నాకు చూడకుండనే తెలుస్తది."
చాలాసేపు అట్లాగే నిలబడ్డాం,
ఇద్దరు చెవిటివాళ్లం, ఒక రాయి.

సోమవారం మధ్యాహ్నం,
సేటు నమాజుకు వెళ్లిన వేళ
నా షాపు గదిలో నేనే కూచుని
హెడ్‌ఫోన్ పెట్టుకుని బటన్ నొక్కుతూ పోయాను.
వినిపిస్తే చుక్క. వినిపించకపోతే ఇంకో అడుగు కిందికి చుక్క.
నాలుగు వేల దగ్గర గీత
గుట్ట అంచు నుంచి వదిలిన తాడులా
జారి, కాగితం అడుగున వేలాడింది.

కింద యాభైకి మూడు.

పెన్ను మూత పెట్టి
ఆ గీత చివర వేలితో పట్టుకుని
రెండుసార్లు గుంజాను.